మెయిల్ పెట్టాను, చూశారా?

“మెయిల్ పెట్టాను, చూశారా?”

ప్యాకింగ్ సూపర్‌వైజర్ తల ఎత్తలేదు. “ఇప్పుడే కదయ్యా వచ్చింది. చూస్తాలే.”

“అందులో ఏముందంటే...” అని అతను చేతిలో కాగితం చూసి మొదలుపెట్టాడు. ఒక్క ముక్క వదలకుండా చదివాడు. చివర ‘ఇట్లు’తో సహా చదివి పక్క సీటుకి వెళ్ళాడు. “మెయిల్ పెట్టాను, చూశారా?”

ఆ పార్సిల్ గోడౌన్ ఆఫీసులో పదమూడు సీట్లున్నాయి. తన సీటు పోను మిగతా పన్నెండింటి దగ్గరా అతను అలాగే నిలబడేవాడు. తను పంపినవే కాదు, మేనేజర్ పంపినవీ చదివేవాడు. వచ్చేసిన ఉత్తరాన్ని మళ్ళీ మోసుకొస్తాడని అతనికి డబుల్ పోస్ట్ అని పేరు పెట్టారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

పెద్దాయన సీటు వరసలో ఆరోది. వ్యాన్లకి దారులు చెప్పడం ఆయన పని. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని. ఏ సందు ఏ వీధిలో తేలుతుందో నోటికి వచ్చు. డబుల్ పోస్ట్ వస్తే ఆయనా అందరిలాగే విసుక్కునేవాడు. “ఊఁ, కానీ” అనేవాడు. అని, ప్రతి అంకె చెవిన వేసుకునేవాడు. డబుల్ పోస్ట్ ఆయన దగ్గర అంకెలు రెండేసిసార్లు చదివేవాడు. అదీ చాదస్తమే అనుకున్నాడు ఆయన.

ఆయన చదవలేడు. రెండేళ్ళ క్రితం కంటి డాక్టరు చెప్పేశాడు. చుట్టూ కనిపిస్తుంది, చూపు పెట్టిన చోటే కనిపించదు, అద్దాలు మార్చి లాభం లేదు. నడకకి ఇబ్బంది లేదు. మనుషుల్ని పోల్చుకోవడానికి గొంతు చాలు. అక్షరం మీద చూపు పెడితే మాత్రం అక్కడ బూడిదరంగు మచ్చ. ఈ సంగతి భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే కంపెనీ ఇంటికి పంపేస్తుంది. రిటైర్మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలుంది.

“చెప్పేయండి. ఎవరో ఒకరు సాయం చేయకపోరు,” అనేది భార్య.

“చేసేవాడు ఉన్నాడులే. చేస్తున్నట్టు వాడికే తెలీదు,” అనేవాడు ఆయన.

బుధవారం మధ్యాహ్నం సూపర్‌వైజర్ ఒక కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“బాబాయ్ గారూ, మేనేజర్‌కి ఇస్తున్నాం. ఈ డబుల్ పోస్ట్ గోల ఇక పడలేం. చదివి సంతకం పెట్టండి.”

ఆయన కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఒక పేజీ చదవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు చూశాడు.

“ఇంతదాకా ఎందుకమ్మా? చాదస్తం మనిషి. ఎవరికీ హాని చేయడు కదా.”

“చాదస్తమా? చెవిలో జోరీగ! మొదట్లో ఇలా ఉండేవాడు కాదు. రెండేళ్ళ కిందట ఏం పురుగు కుట్టిందో. నిన్న నేను ఫోన్లో కస్టమర్‌తో మాట్లాడుతుంటే రెండో చెవిలో చదివాడు!”

“నేను చెప్పి చూస్తాను. ఓ నెల ఆగండి.”

“పదకొండు సంతకాలు అయిపోయాయి. మీరొక్కరే మిగిలారు.” ఆమె నవ్వింది. “అయినా వాడంటే మీకింత ప్రేమేంటి? మీకేమన్నా చదవడం రాదా, వాడితో చదివించుకోడానికి?”

పక్క సీట్లవాళ్ళు నవ్వారు. పెద్దాయనా నవ్వాడు.

“ఎక్కడ పెట్టాలి?”

“ఇక్కడ.” ఆమె వేలు పెట్టింది. ఆయన వేలి పక్కన సంతకం చేశాడు.

గురువారం సాయంత్రం మేనేజర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. డబుల్ పోస్ట్ లేచాడు. ఒక్కో సీటూ దాటుకుంటూ ఆరో సీటు దగ్గరికి వచ్చి, మామూలు గొంతుతోనే చదివాడు.

“ఇకమీదట ఏ ఉద్యోగీ ఇంకొకరి సీటు దగ్గరికి వెళ్ళి మెయిల్ చదివి వినిపించరాదు. రేపటి నుంచి అమలు. ఫిర్యాదు చేసినవారు...” పన్నెండు పేర్లూ వరసగా చదివాడు. పన్నెండోది పెద్దాయనది. అక్కడా ఆగలేదు. ‘ఇట్లు’ కూడా చదివి ఏడో సీటుకి వెళ్ళాడు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి కంప్యూటర్లు టింగుమన్నాయి. ఆ రోజు ఏ వ్యాను ఎటు వెళ్ళాలో చెప్పే మెయిల్. పంపింది డబుల్ పోస్టే. సీట్లోంచి లేవలేదు.

“అబ్బ, ప్రాణం హాయిగా ఉంది,” అంది సూపర్‌వైజర్.

పెద్దాయన మెయిల్ తెరిచాడు. తెర మధ్య మచ్చ. తల పక్కకి తిప్పి చూశాడు. వరసలున్నట్టు తెలిసింది. అంకెలు తెలియలేదు. కింద నుంచి డ్రైవర్ ఫోన్ చేశాడు.

“పెద్దాయనా, నాలుగు వ్యాన్లూ రెడీ. ఎటు?”

“ఒక్క నిమిషం.”

“మెయిల్ రాలేదా ఇంకా?”

“వచ్చింది. చూస్తున్నా.”

ఫోన్ పెట్టేశాడు. పక్కవాళ్ళని అడగలేడు. అడిగితే మొన్నటి సంతకం ఏమిటంటారు. మేనేజర్ గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేయడం ఒక్కటే మిగిలింది. కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

ఫోన్ మళ్ళీ మోగింది. ఎత్తాడు.

“మెయిల్ పెట్టాను, చూశారా?”

గొంతు బాగా తగ్గించి ఉంది. పెద్దాయన అటు తిరిగాడు. డబుల్ పోస్ట్ తన సీట్లోనే, ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు.

“సీటు దగ్గరికి రావద్దన్నారు కదయ్యా!”

“రాలేదు కదండీ. వినండి. ఒకటో వ్యాను, ఇరవై ఏడు పార్సిళ్ళు. ఇరవై ఏడు. పాత బస్టాండు వైపు...”

పెద్దాయన మెల్లగా కూర్చున్నాడు. నాలుగు వ్యాన్లూ విన్నాడు. విన్నాక ఇంకో భయం పట్టుకుంది. ఇలా పన్నెండు సీట్లకీ ఫోన్లు కొడితే సాయంత్రానికి ఫోన్లు కూడా ఆపిస్తారు.

“మళ్ళీ కాగితం పెడతారయ్యా. ఇంకా ఎంతమందికి చేయాలి?”

“ఇంకెవరికీ చేయనండీ.”

“మరి రెండేళ్ళుగా అందరికీ ఎందుకు చదివావు?”

“మీ ఒక్కరికే చదివితే తెలిసిపోదా అండీ?”