బిరుసైన సైకిల్

“నీ దగ్గరున్న వాటిల్లో అన్నిటికన్నా బిరుసైన సైకిలేది?”

గ్లెనిస్ అడిగిన తీరుకి కొట్టు యజమాని బెవన్ తలెత్తి చూశాడు. అతని ముందు స్టాండు మీద ఆమె కూతురు టామ్సిన్ కార్బన్ సైకిల్ ఉంది. దాని ఫ్రేమంతా నాణెంతో తట్టుకుంటూ వస్తున్నాడు. అంతదాకా టిక్కుటిక్కుమన్న చప్పుడు సీటు కింద మొద్దుగా మోగింది.

“పోయింది. లోపల చీలింది. కారు నెత్తిన సైకిలుందని మర్చిపోయి షెడ్డులోకి తోలేశారు, అంతేనా? సిగ్గుపడకండి. మన బల్లరాట్ ఊళ్ళో సైకిలున్న ప్రతి ఇంట్లో ఒకసారి జరిగేదే. మా తమ్ముడు రెండుసార్లు చేశాడు. రెండోసారి వాళ్ళావిడ సైకిల్.”

గ్లెనిస్ నవ్వలేదు. నిజంగా మర్చిపోయే చేసింది. కానీ పైన ఫెళ్ళుమన్నప్పుడు ముందు కలిగింది బాధ కాదు, నిశ్చింత.

“ఆదివారమే కదా పందెం? మొదటి ముగ్గురినీ యూరప్ వెళ్ళే జట్టులోకి తీసుకుంటారట. టామ్సిన్ రాలేదేం?”

“బేకరీలో సాయంత్రం దాకా పని దానికి. నన్నే చూసి తెమ్మంది. బిరుసైనది చూపించు.”

బెవన్ గోడకున్న అల్యూమినియం సైకిల్ దించాడు. “ఇది వెంట్రుకవాసి కూడా వంగదు. మన కంకర రోడ్ల మీద ప్రతి రాయీ నడుం దాకా వచ్చి పలకరిస్తుంది. అరవై కిలోమీటర్లు దాటేసరికి పిల్ల మిమ్మల్ని తిట్టుకుంటుంది.”

“తిట్టుకోనీ.”

“ఉండండి. ఆదివారానికి నా కార్బన్ బండి ఇస్తాను, అది కుదుపులన్నీ మింగేస్తుంది. టామ్సిన్ ఎత్తూ నా ఎత్తూ ఒకటే. ఊరికే తీసుకెళ్ళండి.”

“వద్దు!” అరిచినట్టే అంది గ్లెనిస్. వెంటనే గొంతు తగ్గించింది. “నిన్ను బతిమాలుకుంటున్నాను బెవన్. ఇస్తానన్న మాట దానికి చెప్పకు.”

ఊరి బయట హైవే మలుపులో ఒక స్తంభానికి తెల్లరంగు పూసిన సైకిల్ గొలుసుతో కట్టి ఉంది. ఎనిమిది నెలల కిందట టామ్సిన్‌తో కలిసి తొక్కే అమ్మాయిని కలప లారీ గుద్ది చంపిన చోటది. ఆమె గుర్తుగా ఆ రంగు పూసింది టామ్సినే. పూసిన మర్నాడు పొద్దున్నే మళ్ళీ అదే దారిలో సాధనకి వెళ్ళింది.

“జట్టులోకి రాకపోతే ఇక తొక్కనంది,” అంది గ్లెనిస్. “నాకు మిగిలిన ఆశ ఆ మాటొక్కటే.”

బెవన్ అల్యూమినియం సైకిల్‌కి పెడళ్ళు బిగించడం మొదలుపెట్టాడు.

ఆదివారం పందెం ముగిసేచోట గ్లెనిస్ వేళ్ళు మడుస్తూ నిలబడింది. ఒకటి, రెండు, మూడు. టామ్సిన్ లేదు.

పదకొండోదిగా వచ్చింది. దిగడానికి ఎవరో పట్టుకోవాల్సి వచ్చింది. నీళ్ళ సీసా అందుకోబోతే చేతులు వణికి జారిపోయింది. అరచేతుల్లో బొబ్బలు చితికి ఉన్నాయి.

“ఏం బండే అమ్మా ఇది! నా పళ్ళన్నీ ఉన్నాయో లేదో చూడు,” అని నవ్వబోయి ఏడ్చేసింది.

గ్లెనిస్ సీసా ఎత్తి తాగించింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఎనిమిది నెలల్లో మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

“పోనీలే బంగారం. మానేస్తానన్నావుగా. ఇంటికి పోదాం.”

“అన్నాను,” అంది టామ్సిన్ తలవంచుకుని.

అప్పుడే జట్టుని ఎంపిక చేసే మోయిరా జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చింది. సైకిల్‌ని వేలి కణుపుతో కొట్టి చూసింది.

“నూట ఇరవై కిలోమీటర్లూ దీని మీదే వచ్చావా? ఎవరు కొన్నారిది?”

“మా అమ్మ.”

మోయిరా గ్లెనిస్ వైపు తిరిగింది. తెలిసిపోయిందనుకుంది గ్లెనిస్. మోయిరా టామ్సిన్ అరచేతులు రెండూ విప్పి చాలాసేపు చూసింది.

“మేం వెళ్ళేది బెల్జియం రాళ్ళబాటల మీద తొక్కడానికి. మెత్తటి బండ్ల మీద ముందొచ్చిన వాళ్ళు అక్కడ గంటలో దిగిపోతారు. నాలుగో మనిషిని ఎంచుకోవడం నా ఇష్టం. అది నువ్వే,” అంది. తర్వాత గ్లెనిస్ చెయ్యి అందుకుని గట్టిగా ఊపింది. “ఇంత ముందుచూపున్న తల్లిని ముప్పై ఏళ్ళలో నేనెక్కడా చూడలేదమ్మా!”