పదకొండు చుక్కలు

పరీక్ష రాసిన రెండు వందల పదమూడు మందిలో, ముప్పై ఏడో ప్రశ్నకు కీలో ఉన్న జవాబు వేసింది ఒకే ఒక్క పిల్ల అని తేలేసరికి మోహన చేతిలో ఎర్రపెన్ను ఆగిపోయింది.

ఆ పిల్లే ఫస్టు. అదీ ఒక్క మార్కు తేడాతో.

"పేపరు లీకయిందమ్మా," అన్నాడు వరదయ్య.

తిరుపతిలో ఆ కోచింగ్ సెంటరు ఆయనదే. ఏటా పదో తరగతి పిల్లలకు పరీక్ష పెట్టి, ఫస్టొచ్చిన ఒక్కరికి రెండేళ్ళ చదువూ హాస్టలూ ఉచితంగా ఇస్తాడు.

"అంతమందికి తట్టనిది ఆ పలమనేరు పిల్లకు మాత్రం యాడనుంచి తట్టింది? ఎవురో చెప్పినారు. సీటు రెండో పిల్లకిచ్చేద్దాం. వాళ్ళ నాయన బయటే కాచుకోని ఉండాడు."

"కొంచెం టైమియ్యండి సార్. ఆ లెక్క ఏందో నేను కనుక్కుంటా."

"ఐదింటికి లిస్టు అతికించల్ల. అంతవరకే."

గోడ గడియారంలో మూడున్నర.

ప్రశ్న చూడబోతే పసిపిల్లల ఆటలా ఉంది. ఒక వరసలో నాలుగు గళ్ళు. ఒకదాంట్లో ఏడు చుక్కలు, దాని పక్కన నాలుగు, ఆ పక్కన రెండు, ఆ పక్కన ఒకటి. 'ఈ వరసలో తర్వాతి గడిలో ఎన్ని చుక్కలుండాలి?' అంతే.

మోహన బోర్డు మీద గళ్ళు గీసింది. ఏడులో మూడు పోతే నాలుగు. నాలుగులో రెండు పోతే రెండు. రెండులో ఒకటి పోతే ఒకటి. ఇక పోవడానికేమీ లేదు కాబట్టి మళ్ళీ ఒకటే. చాలామంది పిల్లలు అదే వేశారు. తగ్గుతూ తగ్గుతూ సున్నా అవుతుందని కొందరన్నారు. అదీ తప్పనలేం. చివర్లో సగమవుతోంది కదా అని ఒకడు అరచుక్క గీసిపెట్టాడు. వాణ్ణీ కొట్టిపారేయలేకపోయింది.

కీలో మాత్రం పదకొండు.

కూడింది. గుణించింది. వర్గాలు కట్టింది. ఏడూ నాలుగూ కలిపితే పదకొండు! ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మరి ఆ రెండూ, ఆ ఒకటీ ఏం పాపం చేసుకున్నాయి? విసురుగా బోర్డంతా తుడిచేసింది.

"ఒక చుక్క తర్వాత పదకొండు చుక్కలంట," గుమ్మంలోంచి వరదయ్య గొంతు. "ముగ్గేమన్నా ఏసేదానికా?"

పేపరు పెట్టిన పెద్దమాస్టారికి ఇరవైసార్లు ఫోన్ చేసింది. స్విచ్చాఫ్. పొద్దున్నే చిత్తూరులో ఆయనకు కంటి ఆపరేషన్. మోహన ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు, ఆయన్ను చూసింది లేదు. ఆయన చేత్తో గీసిచ్చిన కాగితాలనే జిరాక్సు తీసి పిల్లలకిచ్చారు.

ఇక దారిలేక, తల్లితో వచ్చి వరండాలో కూర్చున్న ఆ పిల్లనే లోపలికి పిలిపించింది. పేరు నౌరీన్.

"ముప్పై ఏడోది ఎట్ల చేసినావు పాపా?"

"చూస్తానే తెలిసిపోయింది మేడం. గడి గడికీ చుక్కలు పెరగతా పోతాయి కదా!"

వరదయ్య పకపకా నవ్వాడు. "పెరగతా పోతాయంట! ఏడు నుంచి ఒకటికి దిగతా ఉంటే పెరగతా ఉండాయంట! జవాబు చెప్పినోళ్ళు లెక్క చెప్పేది మరిచిపోయినట్టుండారు."

"సరిగ్గా చెప్పు పాపా," మోహన గొంతులో విసుగు దాగలేదు. "తగ్గతా కదా పోయేది?"

నౌరీన్ ఆమెను వింతగా చూసింది. "లేదు మేడం. పెరగతానే పోతాయి."

బల్ల మీది పేపరు అందుకోబోయింది. వరదయ్య దాన్ని లాగేసుకున్నాడు.

"చాల్లే. ఇంక కథలు చెప్పబాక."

వెనకనుంచి తల్లి ఉమ్మే సల్మా ముందుకొచ్చింది. "సీటు లేకపోతే పోనీ సార్. బిడ్డను దొంగ అని మాత్రం అనబాకండి. రేపు బళ్ళో తలెత్తుకోలేదు."

ఆ పిల్ల కళ్ళలో అబద్ధం కనిపించడం లేదు. కాగితం మీద నిజం కనిపించడం లేదు. నాలుగు గళ్ళు, పద్నాలుగు చుక్కలు. ఎం.ఎస్సీ. లెక్కలు చదివి ఏం లాభం? తన తలనే ఆ బోర్డుకేసి కొట్టుకోవాలనిపించింది.

ఐదుకు పది నిమిషాలు. వరదయ్య లిస్టు ముందేసుకొని, మొదటి పేరు మీద స్కేలు ఆనించాడు.

ఫోన్ మోగింది. పెద్దమాస్టారు. మోహన గబుక్కున స్పీకర్ నొక్కింది.

"ఏందమ్మా, ఇన్నిసార్లు చేసినావంట? కంటికి కట్టుగట్టి, ఇంతవరకూ నన్ను ఫోను ముట్టుకోనీలేదు."

"ముప్పై ఏడో ప్రశ్న సార్! ఏడు, నాలుగు, రెండు, ఒకటి. దాని తర్వాత పదకొండు ఎట్లొస్తుంది? తల పగిలిపోతా ఉండాది. కరెక్టు రాసిన పిల్లను ఈడ దొంగ అంటా ఉండారు సార్!"

"ఏడు, నాలుగు..." అని అవతల ఆయన తనలో తను గొణుక్కోవడం వినబడింది.

"ఆ బిడ్డనేమీ అనబాకండమ్మా, తప్పు నాదే," అన్నాడు ఇద్రీస్ మాస్టారు. "నలభై ఏండ్లు ఉర్దూ బడిలో లెక్కలు చెప్పిన చెయ్యి కదా, అలవాటు కొద్దీ ఆ గళ్ళు కుడి నుంచి ఎడమకు గీసేసినాను."