పరదా వెనక డోలక్

కరెంటు పోయింది. నీలం నగర్‌లో బట్ట నేసే సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో పక్క గల్లీలోంచి డోలక్ వినిపించింది.

ఋతుజ స్కూటీ ఆపేసింది. పన్నెండేళ్ళుగా ఆమెకు చేతి వాద్యాలే లోకం. ప్రతి ఆదివారం హోట్గి రోడ్డులోని ఒక హాలులో నలభై మందిని కూడగట్టి వాయిస్తుంది. ఒకరి ఒళ్ళో ఆఫ్రికా జెంబే, ఇంకొకరి చేతిలో ఇరాన్ దఫ్, పక్కనే మన హల్గి డప్పు. ఇన్నేళ్ళలో ఎందరినో వింది గానీ ఇలాంటి దరువు వినలేదు. కుడి చెయ్యి ఏదో అడుగుతోంది, ఎడమ చెయ్యి జవాబు చెబుతోంది. అడగకముందే జవాబొస్తే కుడి చెయ్యి పకపకా నవ్వుతోంది.

ఆ ఇంటి తలుపు తట్టింది. డోలక్ ఆగింది. యాభై ఏళ్ళావిడ కొంగుతో నుదురు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. పేరు సుశీల.

"ఏంది బిడ్డా, లొల్లైతుందా?"

"లొల్లి కాదత్తా. ఇంకోసారి వినాలని వచ్చిన."

"ఎవరే?" లోపలి నుంచి మగ గొంతు.

"ఎవరో పిల్ల. డోలక్ మంచిగుందట. మల్ల వింటదట."

"అక్కడ్నే కూసోమను," నవ్వుతూ అన్నాడు ఆమె భర్త ఎల్లయ్య.

సుశీల కుర్చీ వేసి, చాయ పెట్టొస్తానని లోపలికి పోయింది. కాసేపటికి డోలక్ మొదలైంది. ఋతుజ తన మోకాళ్ళ మీద ఆ దరువు పట్టబోయింది. కుడి చెయ్యి కుదిరితే ఎడమది తప్పుతోంది. ఎడమది కుదిరితే కుడిది. చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకొని ఊరికే వింది. కళ్ళు చెమర్చాయి.

డోలక్ ఆగాక చాయ వచ్చింది.

"మామ ఎన్నేండ్లసంది వాయిస్తుండు?"

"చిన్నప్పటిసంది. గని ఇట్ల వాయించుడు ఆరేండ్లసందే. సాంచెల కాడ దెబ్బ తాకి పని బందయింది. పొద్దంత గోడ దిక్కే చూస్తుండె. నాకు చూడబుద్ధి గాక ఒకనాడు డోలక్ తెచ్చి ముందట పెట్టిన. దారిల పడనీకి ఏడాది పట్టింది."

"వచ్చే ఐతారం మా గుంపుది పెద్ద కార్యక్రమ్ ఉంది. ఆఖరిల మీరు వాయించాలె," లోపలికి వినబడేలా అంది ఋతుజ.

లోపల డోలక్ పక్కకు జరిపిన చప్పుడైంది. తర్వాత ఎల్లయ్య అన్నాడు. "వస్తం. గని పరదా కట్టాలె."

"పరదా ఎందుకు మామా?"

"చూస్తే వినరమ్మా."

గుంపులో జెంబే వాయించే వాసుదేవ్‌కు ఇది నచ్చలేదు. "కనబడకుండ వాయించుడేంది? రికార్డు పెడితే ఎవరికి తెలుస్తది? పేరు మనదే పోతది."

"పోతే నాది పోతది. నేను విన్న," అంది ఋతుజ.

ఆదివారం ఎవరూ రాకముందే ఆమె వాళ్ళిద్దరినీ ఆటోలో తీసుకొచ్చింది. ఎల్లయ్య భుజాల నిండా శాలువా కప్పుకున్నాడు. డోలక్, నీళ్ళ సీసా పట్టుకొని సుశీల అతని వెంటే పరదా వెనక్కి పోయింది.

సాయంత్రానికి హాలు నిండింది. ఆఖరి అంశం. పరదా వెనక డోలక్ మెల్లగా మొదలై, నడకై, పరుగైంది. మాట్లాడుకుంటున్న వాళ్ళు మాటలాపారు. వెనక వరసలో ఒకాయన లేచి నిలబడ్డాడు.

"ఒక్క మనిషి ఇట్ల వాయించుడు అయ్యే పనేనా? రికార్డే," అని వాసుదేవ్ తన జెంబే ముందుకు లాక్కున్నాడు. దరువు మధ్యలో దూరి, వంకర టింకర తాళం ఒకటి గట్టిగా విసిరాడు.

ఋతుజ చటుక్కున పరదా వైపు తిరిగింది.

డోలక్ ఒక్క క్షణం ఆగింది. తర్వాత అదే తాళాన్ని అలాగే తిరిగి పలికింది. ఇంకోసారి రెట్టింపు వేగంతో పలికి, తోక తగిలించి వదిలింది. హాలంతా గొల్లున నవ్వింది. వాసుదేవ్ రెండు చెవులూ పట్టుకొని దండం పెట్టాడు. జెంబేలు, దఫ్‌లు, హల్గిలు, నలభై జతల చేతులు ఆ డోలక్ వెంట పడ్డాయి. ఎంతసేపు మోగాయో ఎవరూ గడియారం చూడలేదు.

ఆగగానే చప్పట్లతో పైకప్పు దద్దరిల్లింది.

"ఋతుజా," పరదా వెనక నుంచి ఎల్లయ్య పిలిచాడు. "ఇగ తియ్యి బిడ్డా. అందరు విన్నరు గద."

ఆమె పరదా లాగింది. శాలువా పక్కన పడి ఉంది, ఎల్లయ్య చొక్కా కుడి చెయ్యి ఖాళీగా వేలాడుతోంది. చప్పట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఎడమ చెయ్యి ఎల్లయ్యది, కుడి చెయ్యి సుశీలది.