బాతు ఆయాసం

వాగు ఒడ్డున జింక ఒక నడక బృందం పెట్టింది. "పరుగులుండవు, అందరం కలిసి మెల్లగా నడుద్దాం" అని అందరినీ పిలిచింది. ఆ మాట నమ్మి ముసలి బాతు కూడా బయల్దేరింది.

తీరా చూస్తే జింక, కుందేలు, నక్క ముందుకెళ్లిపోయి నేరేడు చెట్టు నీడలో కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నాయి. బాతు రొప్పుతూ వచ్చేసరికి, "అమ్మయ్య, బాతక్క వచ్చేసింది, పదండి!" అంటూ లేచాయి. మద్దిచెట్టు దగ్గరా అదే తంతు. రాతిగుట్ట దగ్గరా అదే.

బాతుకి ఒళ్లు మండిపోయింది. దారి మధ్యలో చతికిలబడింది.

"ఇదేమిటి బాతక్కా, నీ కోసమే కదా ఇంతసేపు ఆగాం!" అంది జింక నొచ్చుకుంటూ.

"నా కోసమా? కూర్చున్నది మీరు, ఆయాసం తీర్చుకున్నది మీరు. నేను రాగానే లేచిపోయారు. పొద్దుట్నుంచి ఒక్క క్షణం కూర్చోనిది నేనొక్కదాన్నే! మెల్లగా నడుద్దామని పిలిచింది నువ్వే కదా, సిగ్గుండక్కర్లా?"

కుందేలు వచ్చి బాతు పక్కన కూలబడింది. "నాకూ కాలు నొప్పిగానే ఉంది, చెప్పడానికి మొహమాటపడ్డాను" అంది. నక్కా కూర్చుంది. జింక నాలుగడుగులు వేసి, వెనక ఎవరూ రాకపోయేసరికి తిరిగొచ్చింది.

"మరి ఎప్పుడు లేద్దాం?" అని నెమ్మదిగా అడిగింది.

"నా ఆయాసం తీరాక" అంది బాతు, రెక్కలు సర్దుకుంటూ.