అతుకులేని గొట్టం

"రెండూ చూడు. ఏది తీసుకుంటావో చెప్పు," అన్నాడు షాలేమ్ రాజు, బల్లమీద రెండు ఉక్కు గొట్టం ముక్కలు పక్కపక్కన పెట్టి.

ఒకటి తళతళలాడుతోంది. రెండోది మసిబట్టినట్టు నల్లగా ఉంది. ఫ్రెడీ రెంటినీ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకు వీటి సంగతి తెలీదంకుల్. మీరే చెప్పాలి."

తెలియనిది తెలియదన్నాడు. షాలేమ్ రాజు మనసులో ఒక మార్కు వేసుకున్నాడు.

పెళ్ళిచూపులంటే ఎవరైనా సోఫా సర్ది, స్వీట్లు తెప్పించి పెడతారు. ఈయన మాత్రం అబ్బాయిని ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో టైన్ నది ఒడ్డునున్న స్టీలు యార్డుకి రప్పించాడు. "డాడీ, మా హాస్పిటల్లో పనిచేసే అబ్బాయి, ఫ్రెడీ అని. శనివారం తీసుకొస్తాను, కాసేపు మాట్లాడండి," అని కూతురు అక్సా ఫోన్లో అనగానే ఆయనకి విషయం అర్థమైపోయింది. నర్సుగా స్థిరపడి, ముప్ఫై దాటినా ఏ సంబంధమూ ఒప్పుకోని పిల్ల. దాని నోట ఒక అబ్బాయి పేరు రావడమే గొప్ప.

"శనివారం స్టీలు కొనడానికి పోతున్నా. అక్కడికే తీసుకురా," అన్నాడు. పని దగ్గర చూస్తే మనిషేమిటో తెలుస్తుందని ఆయన నమ్మకం.

బస్ డిపోలో ఫిట్టరుగా రిటైరైన షాలేమ్ రాజుకి ఇప్పుడున్నది ఒకటే కోరిక. పాత ఫోర్డ్ పాపులర్ కారు బాడీ ఒకటి గ్యారేజీలో పడివుంది. దాని కింద కొత్త ఫ్రేమ్ వేసి, పెద్ద ఇంజను కూర్చోబెట్టి, హాట్ రాడ్‌గా మార్చాలి. అక్సా పెళ్ళినాడు అందులోనే పిల్లని చర్చికి తీసుకెళ్ళాలి. ఫ్రేమ్ వెల్డింగు మొత్తం తన చేతులతోనే చెయ్యాలి, పరాయి చెయ్యి పడకూడదు.

అసలు వచ్చీరాగానే ఫ్రెడీ ఆయనకి నచ్చాడు. "వందనాలంకుల్," అంటూ ఆయన కుడిచెయ్యి రెండు చేతులతో అందుకుని, మణికట్టు మెల్లగా కదిలిస్తూ చాలాసేపు వదల్లేదు. ఎంత ఆప్యాయత! పైగా సొంతూరు తెనాలి. షాలేమ్ రాజుది బాపట్ల.

"చెప్తా విను. ఈ మెరిసేది రేకు చుట్టి అతికించినది. లోపల వేలు పెట్టు, గీత తగుల్తుంది. ఈ నల్లదానికి అతుకే లేదు. రేపు గుంతలో పడి ఫ్రేమ్ మెలితిరిగితే మెరుపు ఆపుతుందా?"

"మరి మందం?"

"మూడు మిల్లీమీటర్లు చాలంటారు వీళ్ళు. నేను నాలుగు వేస్తా. నా కూతురు కూర్చునే బండి ఇది."

"తేడా ఎలా తెలుస్తుంది?"

"కొట్టి వినాలయ్యా," అంటూ కుడిచేతి వేళ్ళతో గొట్టంమీద టకటకా వాయించాడు.

"ఇంకొంచెం అంకుల్. త్వరత్వరగా."

ఆయనకి హుషారు వచ్చింది. కాసేపటికి దరువు నెమ్మదించడంతో ఎడమచేత్తో అందుకున్నాడు. ఫ్రెడీ కళ్ళతో వింటున్నంత శ్రద్ధగా చూశాడు.

మూలన రంపం ఉక్కుని కోస్తోంది. మాడిన నూనె వాసనకి అక్సా స్కార్ఫు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"వాసన ఘాటుగా ఉంది కదంకుల్?"

"ఏం వాసన? నాకేం రావట్లేదే! మీ హాస్పిటల్ వాళ్ళు మరీ సుకుమారం," అని నవ్వాడాయన. అక్సా నవ్వలేదు. అబ్బాయి పరీక్షలో నెగ్గుతాడో లేదోనని బెంగ కాబోలు.

పొడుగు గొట్టాలున్న షెడ్డువైపు ఆయన ముందు నడిచాడు, కుడిచెయ్యి జాకెట్టు జేబులో పెట్టుకుని. జూన్ నెలైనా నదిమీంచి గాలి చల్లగానే వీస్తోంది. పక్కన బోలెడంత చోటున్నా ఫ్రెడీ కాస్త వెనకే వచ్చాడు. పెద్దవాళ్ళ వెనక నడవాలని తెలిసిన పిల్లలు ఈ దేశంలో ఇంకా ఉన్నారన్నమాట! షాలేమ్ రాజు పొంగిపోయాడు.

"ఫ్రేమ్ కొలతలు దీనిమీద రాసి చూపిస్తారా అంకుల్?"

ఆయన సుద్దముక్క తీసి నల్లటి గొట్టంమీద రాశాడు. మొదట పెద్దగా పడిన అక్షరాలు చివరికొచ్చేసరికి చీమలంత అయ్యాయి.

"దిక్కుమాలిన సుద్ద," అని విసుక్కున్నాడు.

"మీకు ఒంట్లో ఎలా ఉంటుందంకుల్? నిద్ర బాగా పడుతుందా?"

షాలేమ్ రాజు మీసంలో నవ్వుకున్నాడు. పిల్లనిచ్చేవాళ్ళింట్లో జబ్బులున్నాయేమోనని ఆరా! గడుసువాడే.

"నిక్షేపంలా ఉన్నా. బీపీ లేదు, షుగర్ లేదు. జీపీ డాక్టరు క్లినిక్ గడప తొక్కలేదు, తొక్కను కూడా. ఆ మాటెత్తితే నాకూ దీనికీ పోట్లాటే."

అక్సా తల దించుకుంది.

అతుకులేనిదే ఖాయం చేసుకున్నాడాయన, నాలుగు మిల్లీమీటర్లది. ఆర్డరు ఇవ్వడానికి ఆఫీసువైపు వెళ్తూ కూతుర్ని పక్కకి పిలిచాడు.

"నాకు నచ్చాడమ్మా. పద్ధతైన పిల్లాడు. ఏడాది తిరిగేసరికి బండి రెడీ చేస్తా. ఒక్క అతుకు కూడా వంకర పోదు, చూస్కో."

అక్సా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిచ్చిపిల్ల, నాన్న ఒప్పుకుంటాడని అనుకోలేదు కాబోలు. ఆయన కూతురి తల నిమిరి లోపలికి వెళ్ళాడు.

తలుపు మూసుకున్నాక అక్సా ఫ్రెడీ దగ్గరికి వచ్చింది.

"చెప్పు ఫ్రెడీ, డాక్టరుగా ఏమంటావు?"

సుద్దరాతవైపు మరోసారి చూసి, అతను మెల్లగా అన్నాడు.

"మణికట్టు బిగుసుకుపోయింది, రాత చిన్నదైపోతోంది. మీరు భయపడ్డదే అక్కా, పార్కిన్సన్స్‌లాగే ఉంది."