ఊరు తెలిసిన మనిషి

"గొలుసు జాకెట్ లోపలికి తోసెయ్యండి వదినగారూ. పైకి కనబడకూడదు."

బస్సు ఇంకా న్యూయార్క్ చేరనే లేదు. దామోదర్ ఈ మాట చెప్పడం అప్పటికి మూడోసారి. వసుమతి పమిట భుజాల చుట్టూ కప్పుకుంది.

ఆవిడ విజయవాడలో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. చెల్లెలు రేణు పురిటికి సాయంగా ఆ ఎనభై రెండు వేసవిలో న్యూజెర్సీ వచ్చింది. పాపకి మూడో నెల వచ్చింది, తిరుగు ప్రయాణానికి వారమే ఉంది. లిబర్టీ విగ్రహం చూడకుండా వెళితే కాలేజీలో తలెత్తుకోలేనని అక్క అంటే, రేణు తన భర్త దామోదర్‌ని తోడిచ్చి పంపింది.

"ఎవరి కళ్ళలోకీ చూడొద్దు," అన్నాడు దామోదర్. "టైమెంత అని అడిగినా ఆగొద్దు. మ్యాప్ బయటికి తీస్తే కొత్తవాళ్ళమని తెలిసిపోతుంది. నేను సగం డబ్బు సాక్స్‌లో పెట్టాను."

"మిగతా సగం?"

"పర్సులో. అడగ్గానే ఇచ్చెయ్యడానికి. ఏమీ లేదంటే పొడుస్తారు."

"చాలా అనుభవమే మీకు."

"ఈ ఊరి సంగతి నన్నడగండి," అన్నాడతను.

బస్సు దిగాక వసుమతికి రెండు కళ్ళూ చాలలేదు. ఒక వీధిలోనే ఎన్ని రకాల మనుషులు, ఎన్ని భాషలు. తలపాగాతో టాక్సీ తోలుతున్న సర్దార్జీని చూసి ఆవిడ ముఖం విప్పారింది.

"మనవాడే. ఎక్కుదామా?"

"మనవాళ్ళని అసలు నమ్మకూడదు. ఊరంతా తిప్పి బిల్లు వేస్తారు. సబ్‌వే రైల్లో వెళ్దాం."

గొడుగులమ్మే చైనా ఆవిడ దగ్గర ఆగబోతే, అవి దొంగ సరుకన్నాడు. స్పానిష్‌లో పాడుకుంటున్న కుర్రకారుని చూసి రోడ్డు దాటించాడు. స్టేషన్‌లోకి దిగేసరికి వసుమతికి విగ్రహం మీద కన్నా క్షేమంగా ఇల్లు చేరడం మీదే ధ్యాస మళ్ళింది.

ఒళ్ళంతా రంగురంగుల రాతలతో రైలొచ్చింది.

"మీరు ముందు ఎక్కండి. వెనక నేను చూసుకుంటాను."

ఆవిడ ఎక్కింది. దామోదర్ పర్సు మీద చెయ్యి వేసుకుని, వెనక ఎవరైనా ఉన్నారేమోనని కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. ఇటు తిరిగేలోగా తలుపులు మూసుకున్నాయి.

వసుమతి లోపల, దామోదర్ బయట. అప్పుడే ఆవిడ పక్కకి ఆరడుగుల పైనున్న నల్లజాతి మనిషొకడు వచ్చాడు. భుజం మీద ట్రంకుపెట్టెంత రేడియో. అతను అద్దం మీద టకటకా కొట్టి, బయటున్న దామోదర్‌కి ఒక వేలు చూపించి, రైలు వెళ్ళే వైపు చెయ్యి ఊపాడు. దామోదర్ ముఖం పాలిపోయింది. రైలు కదిలింది.

అతను రేడియో ఆపేశాడు. "కంగారు పడకండమ్మా. తర్వాతి స్టేషన్‌లో దిగి నిలబడండి. ఆయన వెనక రైల్లో వస్తాడు."

"ఆయనకెలా తెలుస్తుంది?"

"ఒక్క స్టేషన్ అని వేలు చూపించాగా. ఈ ఊళ్ళో అందరికీ తెలుస్తుంది."

తర్వాతి స్టేషన్‌లో అతనూ దిగాడు. ఫరవాలేదు, వెళ్ళమంది వసుమతి.

"మా అక్కనైతే ఇక్కడ ఒక్కదాన్నే వదలను," అన్నాడు. పేరు వాల్టర్. ఆసుపత్రిలో రోగుల మంచాలు తోసే పని, డ్యూటీకి వెళుతున్నాడు.

"మీ ఊళ్ళో రైళ్ళున్నాయా?" అని అడిగాడు.

"ఉన్నాయి. కానీ తలుపులు మూయరు."

వాల్టర్ స్తంభానికి చేరబడి నవ్వాడు. ఆవిడకీ నవ్వొచ్చింది. పొద్దుట నుంచీ నవ్వడం అదే మొదలు. కాలికున్న రేణు బూట్ల లేసు ఊడిపోతే, చేతిసంచి అతనికిచ్చి కట్టుకోవడానికి వంగింది.

సరిగ్గా అప్పుడే వెనక రైలొచ్చింది.

తలుపులు తెరుచుకోగానే దామోదర్ కంటపడింది, వదినగారి సంచి వాడి చేతిలో ఉండటం, వదినగారు వాడి కాళ్ళ దగ్గర ఉండటం. ఒక్క పరుగున వచ్చి రెండు చేతులతో పర్సు చాచాడు.

"తీసుకో. అంతా తీసుకో. ఆవిణ్ణి వదిలెయ్."

వాల్టర్ పర్సు వంక చూశాడు, మనిషి వంక చూశాడు. ముఖంలో నవ్వు మాయమైంది. సంచి వసుమతి చేతికిచ్చాడు.

"పర్సు లోపల పెట్టుకోండి సార్," అన్నాడు నెమ్మదిగా. "ఇలాంటి చోట బయటికి తీయకూడదు."

ఆ రైలే ఎక్కాడు. థాంక్స్ చెప్పాలని వసుమతి నోరు తెరిచేసరికి తలుపులు మూసుకున్నాయి.

"మనమూ దీన్లోనే వెళ్ళాలిగా?" అంది.

"తర్వాతిది ఎక్కుదాం వదినగారూ," అన్నాడు దామోదర్, నేల చూపులు చూస్తూ.

విగ్రహం చూశారు. ఫొటోలు తీసుకున్నారు. తిరుగు ప్రయాణంలో దామోదర్ ఒక్క జాగ్రత్త కూడా చెప్పలేదు. సాయంత్రం ఇల్లు చేరగానే తలనొప్పని మేడ మీదికి వెళ్ళిపోయాడు.

రేణు ఒళ్ళో పాపని ఊపుతోంది. వసుమతి జరిగిందంతా చెప్పింది.

"ఆ వాల్టర్ ముఖమే కళ్ళముందు ఆడుతోందే. తలుచుకుంటే సిగ్గేస్తోంది. పోనీ, మీ ఆయన్నని మాత్రం ఏం లాభం? ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి, ఎన్ని దెబ్బలు తిని ఉంటే అంత భయం పట్టుకుంటుంది? ఇంతకీ ఎన్నిసార్లు దోచుకున్నారు పాపం?"

రేణు ఊపడం ఆపి, మెట్ల వైపోసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఆయన న్యూయార్క్‌లో అడుగు పెట్టడం ఇవాళే అక్కా."