పదోరోజు గుండు

బొబ్బిలిలో సింహాద్రి సెలూన్‌కి వచ్చినవాళ్ల చేతినుంచి కాస్త రక్తం తీసి, మిషన్‌లో గిరగిరా తిప్పి, పైన తేరిన తేటను జుట్టు మొలిచేలా సూదితో నెత్తికెక్కించడం గడ్డం గీసినంత మామూలైపోయింది. ఊళ్లో బట్టతల ఒక్కటే మిగిలింది. అది హెడ్మాస్టరు కూర్మయ్యగారిది. ఎన్నిసార్లు అడిగినా "నాకెందుకురా" అనేవారు. ఇప్పుడు ఆయనా పోయారు.

పదోరోజు కర్మకు కొడుకు గౌరీశ్వరరావు గుండు చేయించుకున్నాడు. సూది పడకపోతే ఇతనికీ తండ్రి బట్టతలే మిగులుతుంది. అందుకే సింహాద్రి అడక్కుండానే రక్తం తీసి మిషన్‌లో పెట్టాడు. ఈలోగా తువ్వాలుతో తల తుడిచి, ముప్పయ్యేళ్లుగా పెద్దాయనకు చేసినట్టే నడినెత్తిన రెండుసార్లు తట్టాడు.

తట్టాక నాలుక్కరుచుకున్నాడు. "తప్పైపోనాది బాబూ! సెయ్యికి అలవాటైపోనాది."

గౌరీశ్వరరావు అద్దంలో అచ్చం నాన్నదిలా కనబడుతున్న తల మీంచి చూపు తిప్పలేదు.

"నా పెళ్లిలో ఈ తల ఎవరికీ కనబడకూడదని నాన్నచేత తలపాగా కట్టించేను," అన్నాడు మెల్లగా. "రాత్రి దాకా విప్పలేదాయన."

మిషన్ ఆగింది. సింహాద్రి సూది అందుకున్నాడు. "ఏసీమంటారా?"

"వద్దు సింహాద్రీ. ఇంకోసారి తట్టు."